ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లిష్ పదాలు వెతకడం ఎలా: వర్డిల్, స్క్రాబుల్, స్పెల్లింగ్ బీ ఆడేవారికి

మా మేనకోడలు అయిదక్షరాల పదాల ఆటలో ఒకసారి నాలుగు గళ్ళు నింపేసి ఆగిపోయింది. రెండో అక్షరం నుంచి వరసగా ఎన్, ఓ, సి, కె. మొదటి గడి ఒక్కటే ఖాళీ. "మావయ్యా, ఎన్ ముందు ఎస్ తప్ప ఇంకేం వస్తుంది? ఎస్ లేదని ముందే తేలిపోయింది" అంది. సమాధానం నాక్. తలుపు తట్టే నాక్. ఆ పదం దానికి ఒకటో తరగతి నుంచీ తెలుసు.

ఈ మధ్య చాలామంది అడుగుతున్నది ఇదే. పదం తెలుసు, అక్షరాలు కళ్ళ ముందే ఉన్నాయి, అయినా తట్టదు. కారణం చాలాసార్లు ఒక్కటే: మనం చెవితో వెతుకుతాం. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఆ అలవాటు సహజం. ఇంగ్లిష్ పదాల ఆటలో మాత్రం కంటితో వెతకాలి. అంటే శబ్దాన్ని పక్కన పెట్టి, ఏ అక్షరం పక్కన ఏది కూర్చుంటుందో చూడాలి. ఈ మార్గదర్శి అంతా ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే.

స్పెల్లింగ్ చూపాల్సిన చోట అక్షరాల పేర్లు గీతలతో కలిపి రాశాను: కె-ఎన్-ఓ-సి-కె. ఖాళీ గడికి _ గుర్తు పెట్టాను.

1. ముందు ప్రశ్న ఏ రకమో తేల్చుకోండి

"ఈ అక్షరాలున్న పదం కావాలి" అనే మాటకు నాలుగు అర్థాలున్నాయి. వెతికే పద్ధతి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

- చోటు తెలిసిన అక్షరాలు: రెండోది ఎ, అయిదోది ఓ. వర్డిల్ (దాచిన అయిదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనుక్కునే ఆట), గళ్ళ నుడికట్టు ఈ రకం.
- ఉందని తెలుసు, చోటు తెలియదు: వర్డిల్‌లో పసుపు రంగు అక్షరం. (అక్కడ ఆకుపచ్చ అంటే సరైన గడిలోనే ఉంది, బూడిద అంటే పదంలో లేదు.)
- ఈ అక్షరాలే, ఒక్కోటి ఒక్కసారే: స్క్రాబుల్ ర్యాక్, అంటే మీ వంతుకు వచ్చిన అక్షరాల బిళ్ళలు (టైల్స్) పెట్టుకునే పలక.
- ఈ అక్షరాలే, ఎన్నిసార్లయినా వాడొచ్చు, కానీ ఒక అక్షరం తప్పనిసరి: స్పెల్లింగ్ బీ (న్యూయార్క్ టైమ్స్ పదాల ఆట, బడిలో స్పెల్లింగ్ చెప్పే పోటీ కాదు).

తర్వాత ఒక చిన్న కాగితం తీసుకుని నాలుగు వరసలు రాయండి. ఫోన్‌లో ఆడినా సరే, కాగితం దగ్గర పెట్టుకోండి. అన్నీ బుర్రలో మోస్తూ వెతకడం వల్లే సగం టెన్షన్.

- పొడవు: ఎన్ని అక్షరాలు
- ఖాయం: ఏ అక్షరం ఏ గడిలో
- ఉంది, కానీ ఇక్కడ కాదు: ఏ అక్షరం ఏ గడిలో కుదరదని తేలింది
- లేదు: తీసేసిన అక్షరాలు

మూడో వరసను ఎక్కువమంది వదిలేస్తారు. పసుపు అక్షరం "ఉంది" అని మాత్రమే గుర్తుంచుకుని, మళ్ళీ అదే గడిలో పెట్టి ఒక ప్రయత్నం పోగొట్టుకుంటారు.

2. మీ ఆట ఏ పదాల జాబితాను ఒప్పుకుంటుందో చూసుకోండి

ఇది చూసుకోకుండా వెతికితే దొరికిన పదం కూడా పనికిరాకపోవచ్చు.

స్క్రాబుల్ పోటీల్లో అమెరికా, కెనడాలకు ఒక జాబితా ఉంది. మన దేశంతో సహా ఇంగ్లిష్‌లో ఆడే మిగతా దేశాల్లో ఎక్కువగా కాలిన్స్ జాబితా నడుస్తుంది. కాలిన్స్ పెద్దది. 2019 కూర్పులో రెండక్షరాల పదాలే 127 ఉన్నాయి. అమెరికాలో ఉన్న బంధువులతో ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఏ జాబితా పెట్టుకున్నారో ముందే అడగండి. జెడ్-ఓ అనే పదం కాలిన్స్‌లో చెల్లుతుంది, అమెరికా జాబితాలో చెల్లదు. జెడ్-ఎ రెండింటిలోనూ చెల్లుతుంది.

వర్డిల్ అమెరికన్ స్పెల్లింగ్‌తో నడుస్తుంది. మనం బడిలో ఫేవర్, హ్యూమర్ లాంటి పదాలను చివర ఓ-యు-ఆర్ పెట్టి నేర్చుకున్నాం. అమెరికన్ రాతలో యు ఉండదు కాబట్టి అవి అక్కడ అయిదక్షరాల పదాలు. వెతికేటప్పుడు చివర ఓ-ఆర్ కూడా చూడండి. ఇంకొకటి: మామూలు పదానికి ఎస్ తగిలించిన బహువచనాలు వర్డిల్‌లో సమాధానంగా రావడం చాలా అరుదు. ప్రయత్నంగా వాడుకోవచ్చు కానీ వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

స్పెల్లింగ్ బీలో పదాలను ఎడిటర్ ఎంచుతారు. అందువల్ల నిఘంటువులో ఉన్న పదాన్ని కూడా ఆట తిప్పికొట్టవచ్చు. అక్కడ వాదించి లాభం లేదు, తర్వాతి పదానికి వెళ్ళాలి.

3. చెవిని పక్కన పెట్టండి

మన తెలుగువాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఈ భాగం. ఒక్కో శబ్దం వెనుక ఎన్ని రకాల రాత దాగి ఉందో చూడండి.

- న: ఎన్ ఒక్కటే కాదు. కె-ఎన్ కావచ్చు (నైఫ్, నాక్, నీల్). జి-ఎన్ కావచ్చు (నోమ్). పి-ఎన్ కూడా ఉంది (న్యుమోనియా).
- ర: డబ్ల్యూ-ఆర్ (రాంగ్, రిస్ట్, రైటర్), ఆర్-హెచ్ (రైనో, రిథమ్).
- స: సి (సెల్), ఎస్-సి (సీన్, సైన్స్), పి-ఎస్ (సైకాలజీ).
- ఫ: పి-హెచ్ (ఫోన్), చివర జి-హెచ్ (టఫ్, రఫ్, లాఫ్).
- క: సి, కె, సి-కె, సి-హెచ్ (కోరస్, ఎకో), చివర క్యూ-యు-ఇ (యునీక్, చెక్కు అని మనం అనేది బ్రిటిష్ రాతలో).
- ష: ఎస్-హెచ్, సి-హెచ్ (షెఫ్, మెషీన్), టి-ఐ-ఓ-ఎన్ (స్టేషన్), ఉత్త ఎస్ కూడా (షుగర్).
- ఈ: ఇ-ఇ (స్లీప్), ఇ-ఎ (డ్రీమ్), ఐ-ఇ (బ్రీఫ్), ఇ-ఐ (సీలింగ్), ఇ-వై (కీ).

మనకు ప్రత్యేకంగా ఇబ్బంది పెట్టేవి మరో రెండున్నాయి. ఒకటి వ. వి, డబ్ల్యూ రెండింటినీ మనం ఒకేలా పలుకుతాం. వెస్ట్ అనగానే దిక్కు గుర్తొస్తుంది, లోపల వేసుకునే వెస్ట్ గుర్తు రాదు. కాబట్టి వ శబ్దం తోచిన ప్రతిసారీ రెండు అక్షరాలూ పెట్టి చూడండి. రెండోది జ. జె, జి, జెడ్, కొన్నిసార్లు ఎస్ కూడా మన నోట్లో దాదాపు ఒకటే. జడ్జ్, జెమ్, జీరో, రోజ్ నాలుగింటినీ పక్కపక్కన రాసి చూస్తే తేడా కంటికి తెలుస్తుంది.

ఇక పలకని అక్షరాలు. ఎం తర్వాత చివర బి (థమ్, క్లైమ్, ల్యామ్). ఎం తర్వాత చివర ఎన్ (కాలమ్, ఆటమ్). టి ముందు బి (డెట్, డౌట్). కె లేదా ఎం ముందు ఎల్ (టాక్, వాక్, కామ్). ఎస్, ఎల్ నడుమ టి (కాజిల్, విజిల్). ఇవి చెవికి అందవు కాబట్టి ఒకసారి మీ చేత్తో కాగితం మీద రాసుకోండి. చదివితే మరిచిపోతాం, చేత్తో రాస్తే నిలుస్తాయి.

4. అక్షరాలను జట్లుగా చూడటం నేర్చుకోండి

ఇంగ్లిష్‌లో 26 అక్షరాలున్నా, పక్కపక్కన కూర్చునే జట్లు అంత ఎక్కువేం లేవు. ఖాళీ గడి చూసి ఎ నుంచి జెడ్ దాకా ఒక్కొక్కటీ పెట్టి చూడటం కంటే, ఆ పక్కనున్న అక్షరంతో ఏ జట్టు కుదురుతుందో ఆలోచించడం సులువు.

పదం మొదట్లో రెండు హల్లులు వస్తే రెండోది చాలావరకు ఎల్, ఆర్, హెచ్ మూడింటిలో ఒకటి. బి, సి, ఎఫ్, జి, పి తర్వాత ఎల్, ఆర్ రెండూ వస్తాయి. డి, టి తర్వాత ఆర్ వస్తుంది, ఎల్ రాదు. సి, ఎస్, టి, డబ్ల్యూ, పి తర్వాత హెచ్ వస్తుంది. ఎస్ ఒక్కటే చాలామందితో కలుస్తుంది: సి, హెచ్, కె, ఎల్, ఎం, ఎన్, పి, క్యూ, టి, డబ్ల్యూ. డబ్ల్యూ రెండో అక్షరంగా ఉంటే ముందు ఎస్ లేదా టి ఉండే అవకాశం ఎక్కువ.

పదం చివర చూడాల్సినవి ఇవి. వి, జె చివర దాదాపు రావు. వ శబ్దంతో ముగిసేవి వి-ఇ తో, జ శబ్దంతో ముగిసేవి జి-ఇ లేదా డి-జి-ఇ తో రాస్తారు. జె తో ముగిసేవి రాజ్, తాజ్, హజ్ లాంటివి. అన్నీ మన వైపు నుంచో అరబీ నుంచో వెళ్ళినవే. అయిదక్షరాల పదాల్లో చివరి గడి తేలకపోతే ముందు ఇ, తర్వాత వై, ఆ తర్వాత టి, ఆర్ పెట్టి చూడండి.

అచ్చులు కనిపించకపోతే వై ని వెతకండి. రిథమ్, మిత్, క్రిప్ట్, లింక్స్, నింఫ్, జిప్సీ. వీటిలో ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేవు. "అచ్చు లేదు కాబట్టి నేనెక్కడో తప్పు చేశాను" అని మొదటికి పోయేముందు వై పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

5. అయిదక్షరాల పదం: మొదటి నుంచి చివరిదాకా ఒక ఉదాహరణ

మొదటి ప్రయత్నం స్లేట్, ఎస్-ఎల్-ఎ-టి-ఇ అనుకుందాం. అన్నీ తరచూ వచ్చే అక్షరాలే, ఒక్కటీ రెండుసార్లు లేదు. మొదటి పదానికి ఆ రెండు గుణాలు చాలు. క్రేన్, రెయిజ్, స్టేర్ కూడా బాగానే పనిచేస్తాయి. ఏది మంచిదని గంటలు చర్చించడం కంటే ఒకటి పట్టుకుని రోజూ దానితోనే మొదలుపెట్టండి. దాని తర్వాత ఏం చేయాలో చేతికి అలవాటవుతుంది.

ఎ పసుపు వచ్చింది, మిగతా నాలుగూ బూడిద రంగు. కాగితం మీద: ఎ ఉంది, మూడో గడిలో కాదు. ఎస్, ఎల్, టి, ఇ లేవు.

ఇప్పుడు రెండో పదం ఎలా ఎంచాలి? ఎ ని కొత్త గడికి జరపాలి, ఇంకా పరీక్షించని అక్షరాలు వీలైనన్ని ఉండాలి. రేడియో, ఆర్-ఎ-డి-ఐ-ఓ. ఇది వేస్తే రెండో గడిలో ఎ ఆకుపచ్చ, అయిదో గడిలో ఓ ఆకుపచ్చ, మిగతావి లేవు అనుకుందాం.

కాగితం మీద ఆకారం ఇది: _-ఎ-_-_-ఓ. వాడకూడనివి ఎస్, ఎల్, టి, ఇ, ఆర్, డి, ఐ.

చాలామంది ఇక్కడ మొదటి గడి నుంచి మొదలుపెడతారు. అది వద్దు. జంటగా ఉన్న ఖాళీలను ముందు చూడండి. మూడు, నాలుగు గళ్ళలో ఏ జట్లు కుదురుతాయి?

- ఎన్-జి: మ్యాంగో
- ఎన్-జె: బాంజో
- సి-హెచ్: మాచో, నాచో
- ఎం-బి: మాంబో
- జెడ్-ఓ: కజూ
- సి-ఎ: కకావ్, అంటే సి-ఎ-సి-ఎ-ఓ

టాంగో కుదరదు, టి పోయింది. కార్గో కుదరదు, ఆర్ పోయింది. ఇలా తీసేసినవాటిని కూడా ఒకసారి పైకి అనుకుంటే మళ్ళీ మళ్ళీ వాటి దగ్గరికే వెళ్ళకుండా ఉంటాం.

ఏడు పదాలు మిగిలాయి. ఏది వేస్తే ఎక్కువ తెలుస్తుంది? మ్యాంగో వేసి చూద్దాం. అదే సమాధానమైతే అయిపోయింది. కాకపోతే: ఎన్ మూడో గడిలో ఆకుపచ్చ అయితే బాంజో. ఎన్ పసుపు అయితే నాచో. ఎం ఆకుపచ్చ, ఎన్ లేదు అంటే మాచో లేదా మాంబో. ఎం, ఎన్ రెండూ లేవంటే కజూ లేదా కకావ్. ఏ దారిలో వెళ్ళినా అయిదో ప్రయత్నానికల్లా దొరికిపోతుంది. మొత్తం ఆరు ప్రయత్నాలు ఉన్నాయి కదా.

ప్రతి ప్రయత్నానికి ముందు చూసుకోవాల్సినవి:

- ఖాయమైన అక్షరాలు వాటి గళ్ళలోనే ఉన్నాయా
- పసుపు అక్షరాలన్నీ ఉన్నాయా, వేరే గడికి జరిగాయా
- తీసేసిన అక్షరం ఏదైనా పొరపాటున చొరబడిందా
- ఈ పదం తప్పయినా నాకు కొత్త సంగతి ఏదైనా తెలుస్తుందా

6. రెండుసార్లు వచ్చే అక్షరం, ఇరుక్కుపోయే ఆకారం

మా మేనకోడలు చేసిన రెండో పొరపాటు ఇక్కడిది. చివర కె దొరికింది కాబట్టి కె పని అయిపోయిందనుకుంది. ఒక అక్షరం ఆకుపచ్చ అయినంత మాత్రాన అది ఇంకో గడిలో లేదని కాదు. నాలుగో ప్రయత్నం దాకా పదం తట్టకపోతే, దొరికిన అక్షరాలనే మళ్ళీ ఖాళీల్లో పెట్టి చూడండి.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. మీరు వేసిన పదంలో ఒక అక్షరం రెండుసార్లు ఉండి, ఒకదానికి రంగు వచ్చి మరొకటి బూడిద అయితే, సమాధానంలో అది ఒక్కసారే ఉందని అర్థం. స్పీడ్ వేశారు, సమాధానం అబైడ్, ఎ-బి-ఐ-డి-ఇ. మొదటి ఇ పసుపు అవుతుంది, రెండో ఇ బూడిద. ఆ బూడిద చూసి "ఇ లేదు" అని రాసుకుంటే ఆట అక్కడే చెడిపోతుంది. కాగితం మీద "ఇ ఒకటే" అని రాయండి.

ఇక ఇరుక్కుపోయే ఆకారాలు. _-ఎ-టి-సి-హెచ్ దొరికిందనుకోండి. బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్. ఏడు పదాలు. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి, పదం దొరక్కపోవచ్చు.

దీనికి మందు, సమాధానం కాలేని పదాన్ని కావాలనే వేయడం. క్లాంప్, సి-ఎల్-ఎ-ఎం-పి. ఎల్ పసుపు అయితే ల్యాచ్. ఎం పసుపు అయితే మ్యాచ్. పి పసుపు అయితే ప్యాచ్. సి ఆకుపచ్చ అయితే క్యాచ్. ఇవేవీ కాకపోతే బ్యాచ్, హ్యాచ్, వాచ్ మిగులుతాయి. ఏడు కాస్తా ఒక్క దెబ్బతో ఒకటి లేదా మూడు అయ్యాయి.

_-ఐ-జి-హెచ్-టి కూడా ఇలాంటిదే: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. ఇక్కడ ఫిల్మ్స్ వేస్తే ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి.

ఒక జాగ్రత్త. వర్డిల్‌లో హార్డ్ మోడ్ పెట్టుకుంటే ఈ ఉపాయం పనిచేయదు. ఆకుపచ్చ అక్షరాలను అదే గడిలో ఉంచాలి, పసుపువి తప్పక వాడాలి. హార్డ్ మోడ్‌లో ఆడేవారు రెండో ప్రయత్నంలోనే ఇలాంటి ఆకారంలో పడకుండా చూసుకోవాలి.

7. స్క్రాబుల్ ర్యాక్‌లో పదం వెతకడం

ఇక్కడ పద్ధతి మారుతుంది. గళ్ళు కాదు, చేతిలో ఏడు టైల్స్. ఏడూ ఒకేసారి వాడితే పదం మార్కులకు అదనంగా 50 పాయింట్లు.

ముందుగా చేయాల్సింది టైల్స్‌ను కదపడం. ర్యాక్ మీద వచ్చిన వరసలోనే చూస్తూ కూర్చుంటే అందులోంచి పదం రాదు. నేను ఇలా చేస్తాను.

మొదట, తోకలు విడదీయండి. ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్, ఇ-ఎస్-టి, ఎల్-వై, ఐ-ఎస్-టి లాంటివి ఉంటే కుడి వైపుకు తోసేయండి. తర్వాత తలలు చూడండి: ఆర్-ఇ, యు-ఎన్, డి-ఐ-ఎస్, ఓ-యు-టి. ఇవి ఎడమ వైపుకు. నడుమ మిగిలిన మూడు నాలుగు అక్షరాలను మాత్రమే తిప్పి చూడండి. ఏడు అక్షరాలు తిప్పడం కష్టం, నాలుగు తిప్పడం సులువు.

ఉదాహరణకు ర్యాక్‌లో ఎ, డి, ఇ, జి, ఐ, ఎన్, ఆర్ ఉన్నాయి. ఐ-ఎన్-జి పక్కకు పెడితే ఎ, డి, ఇ, ఆర్ మిగిలాయి. రీడ్. అంటే రీడింగ్. ఇంకో తోక చూద్దాం. ఇ-డి పక్కకు పెడితే ఎ, జి, ఐ, ఎన్, ఆర్. గ్రెయిన్. అంటే గ్రెయిన్డ్. ఒకే ర్యాక్, రెండు ఏడక్షరాల పదాలు. బోర్డు మీద ఏది పడుతుందో అదే వేయండి. బోర్డు సంగతి వదిలేసి లెక్కేస్తే అక్షరాలకు 9, ఏడూ వాడినందుకు 50, మొత్తం 59.

ఏడక్షరాల పదానికి చోటు లేకపోతే బోర్డు మీదున్న ఒక అక్షరాన్ని కలుపుకోండి. ఇదే ర్యాక్‌కు టి దొరికితే గ్రేడియంట్, ట్రెడింగ్. డి దొరికితే డ్రెడింగ్. ఎవరో ఇప్పటికే రీడింగ్ వేసి ఉంటే, దాని ముందు బి, డి, టి లేదా చివర ఎస్ తగిలించడం హుక్ అవుతుంది. ఒక్క టైల్‌తో వాళ్ళ పదంలోని అక్షరాల మార్కులన్నీ మీకూ వస్తాయి.

రెండక్షరాల పదాలు బట్టీ పట్టడం తప్పదు. దీనికి అడ్డదారి లేదు. రోజుకు పది చొప్పున రెండు వారాలు చాలు. ముందు ఖరీదైన అక్షరాలవి నేర్చుకోండి.

- క్యూ: క్యూ-ఐ
- జెడ్: జెడ్-ఎ. కాలిన్స్‌లో జెడ్-ఓ, జెడ్-ఇ కూడా
- ఎక్స్: ఎ-ఎక్స్, ఇ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యు
- జె: జె-ఓ
- వి: ఒక్కటీ లేదు. అందుకే వి ని ఆఖరిదాకా చేతిలో ఉంచుకోవద్దు
- అచ్చులు ఎక్కువైతే: ఎ-ఎ, ఎ-ఇ, ఎ-ఐ, ఓ-ఇ

క్యూ వచ్చి యు రాకపోతే చాలామంది కంగారు పడతారు. హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఫకీర్ ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్. తలాక్ టి-ఎ-ఎల్-ఎ-క్యూ. నిఖాబ్ ఎన్-ఐ-క్యూ-ఎ-బి. ఖవ్వాలీ క్యూ-ఎ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఎ-ఎల్-ఐ, ఇది ఏడక్షరాలు. ఇవన్నీ కాలిన్స్‌లో చెల్లుతాయి. ఇవి కాక క్యూ-ఎ-టి కూడా గుర్తుంచుకోండి.

మన వంటింటివి, వీధివి కూడా ఆ జాబితాల్లో బోలెడున్నాయి: దోశ, రోటి, నాన్, గీ, లస్సీ, రైతా, చీర బదులు సారీ, లుంగీ, ధోతీ, లాఠీ, ధర్నా, ఘెరావ్, లాఖ్, క్రోర్. వీటిలో హెచ్ ఎక్కడ వస్తుందో చూసుకోండి. మనకు నచ్చినట్టు రాస్తే చెల్లదు. ధోతీలో డి పక్కన హెచ్ ఉంది, టి పక్కన లేదు. బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్ళింది. తొమ్మిదక్షరాలు కాబట్టి ఒక్క వంతులో వేయడం కష్టమే అయినా, బోర్డు మీద మన మాట పడితే కలిగే ఆనందం వేరు.

పదం చెల్లుతుందో లేదో అనుమానంగా ఉంటే ఏం చేయాలి? ఎదుటివాళ్ళు చాలెంజ్ చేసి అది తప్పని తేలితే టైల్స్ వెనక్కి తీసుకోవాలి, ఆ వంతు పోతుంది. కాబట్టి ఆధిక్యంలో ఉన్నప్పుడు అనుమానమున్న పదం వద్దు. వెనకబడి ఉన్నప్పుడు, వేరే దారి లేనప్పుడు వేయండి.

8. స్పెల్లింగ్ బీ: అక్షరాన్ని మళ్ళీ వాడటం మరవద్దు

ఏడు అక్షరాలు, నడుమ ఉన్నది తప్పనిసరి, పదానికి కనీసం నాలుగు అక్షరాలు. నాలుగక్షరాల పదానికి 1 పాయింటు, అంతకంటే పొడవైతే అక్షరానికి ఒకటి. ఏడూ వాడితే ప్యాన్‌గ్రామ్, ఇంకో 7 అదనం. ఇందులో ఎస్ ఇవ్వరు కాబట్టి బహువచనాల గురించి ఆలోచించే పని లేదు.

స్క్రాబుల్ అలవాటున్నవాళ్ళు ఇక్కడ ఒక్క తప్పే చేస్తారు: అక్షరాన్ని ఒక్కసారే వాడతారు. పైన చూసిన ఏడు అక్షరాలే ఇక్కడ వచ్చాయనుకోండి, నడుమ జి. రీడింగ్, గ్రెయిన్డ్ ఎలాగూ ఉన్నాయి. అక్షరాలు మళ్ళీ వాడితే గార్డెనింగ్, రిగార్డింగ్, డిగ్రేడింగ్ వచ్చాయి, ఒక్కోటి తొమ్మిదక్షరాలు, 16 పాయింట్లు. ఎన్‌డేంజరింగ్ పదకొండు అక్షరాలు, 18 పాయింట్లు.

వెతికే వరస:

- ఐ, ఎన్, జి మూడూ ఉంటే తెలిసిన ప్రతి క్రియకూ ఆ తోక తగిలించండి
- ఇ, డి ఉంటే భూతకాలం
- ఆర్-ఇ తల పెట్టి చూడండి
- జంట అక్షరాలు ప్రయత్నించండి: ఇ-ఇ, జి-జి, డి-డి, ఎన్-ఎన్
- ఒక్కో అక్షరంతో మొదలయ్యే పదాలకు రెండేసి నిమిషాలు కేటాయించండి

9. వెతికే సాధనాలు వాడటం

ఆట నడుస్తుండగా ఎదుటి మనిషికి చెప్పకుండా సాధనం వాడటం మోసమే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆట అయ్యాక "నాకు ఏం తప్పిపోయింది" అని చూసుకోవడానికి, ఒంటరిగా సాధన చేయడానికి ఇంతకంటే మంచి గురువు లేదు.

వన్‌లుక్ లాంటి నిఘంటువు సైట్లలో రెండు గుర్తులు తెలిస్తే చాలు. ? అంటే సరిగ్గా ఒక అక్షరం. * అంటే ఎన్ని అక్షరాలైనా, అసలు లేకపోయినా సరే. మ్యాంగో ఆకారానికి ?, ఎ, ?, ?, ఓ అని ఖాళీ లేకుండా వరసగా టైప్ చేయాలి. ఎక్కడో ఒకచోట సి-కె ఉన్న పదాలకు ముందు *, తర్వాత సి-కె, మళ్ళీ *. ఫలితాలు రాకపోతే మొదట చూడాల్సింది ? ల లెక్క. ఒకటి తక్కువైనా ఎక్కువైనా పదం పొడవు మారిపోతుంది.

సొంతంగా జాబితా ఉంచుకోవాలంటే ఎనేబుల్ అనే పదాల జాబితా ఉచితంగా దొరుకుతుంది, 1,72,000కు పైగా పదాలు. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌గా తెరిచి టెక్స్ట్ ఫిల్టర్ పెట్టండి. ఈక్వల్స్‌లో ? ఆకారం ఇవ్వొచ్చు, కంటెయిన్స్‌లో ఉండాల్సిన అక్షరం, డజ్ నాట్ కంటెయిన్‌లో వద్దన్న అక్షరం. కస్టమ్ ఫిల్టర్ ఒక విడతకు రెండు షరతులే తీసుకుంటుంది. మిగిలిన వరసలను కొత్త షీట్‌లోకి కాపీ చేసి మళ్ళీ ఫిల్టర్ చేయండి. అయితే ఇది వర్డిల్ సమాధానాల జాబితా కాదు, కాలిన్స్ కూడా కాదు. ఇక్కడ దొరికిన పదాన్ని మీ ఆట జాబితాలో చూసుకున్నాకే నమ్మండి.

తారుమారు పదాలకు ఇంకో పద్ధతి ఉంది. పదంలోని అక్షరాలను అకారాది క్రమంలో రాయండి. స్క్రాబుల్ ఆటగాళ్ళు దీన్ని ఆల్ఫాగ్రామ్ అంటారు. రీడింగ్, గ్రెయిన్డ్ రెండింటికీ అది ఒకటే: ఎ-డి-ఇ-జి-ఐ-ఎన్-ఆర్. ర్యాక్‌ను కూడా అదే క్రమంలో పేర్చుకుంటే, ఇదివరకు చూసిన ర్యాక్‌ను కన్ను గుర్తుపడుతుంది.

10. తప్పిపోయిన పదాల నోట్‌బుక్

ప్రతి ఆట తర్వాత మీకు తట్టని పదాలు రెండు మూడు మాత్రమే రాయండి. ముప్పై రాస్తే ఒక్కటీ గుర్తుండదు. ఒక్కో పదానికి మూడు ముక్కలు చాలు:

- దొరకని సమయంలో కాగితం మీదున్న ఆకారం
- అసలు పదం
- ఎందుకు తట్టలేదు: శబ్దం వల్లా, రెండుసార్లు వచ్చిన అక్షరం వల్లా, వై వల్లా, జట్టు తెలియకా, అసలు పదమే తెలియకా

నెల తిరిగాక మూడో ముక్క మాత్రం చదవండి. ఎక్కువసార్లు ఏది కనిపిస్తే దాని భాగానికి తిరిగి వెళ్ళి, ఆ వారం దాన్నే సాధన చేయండి. మా మేనకోడలి నోట్‌బుక్‌లో మొదటి నెల ఇరవై రెండు పదాలుంటే పద్నాలుగింటి పక్కన "శబ్దం" అని ఉంది. ఇప్పుడు ఎన్ ముందు ఖాళీ కనిపిస్తే ముందు కె, తర్వాత జి పెట్టి చూస్తోంది.